తొమ్మిది బాత్రూములు, ఒకే ఒక్క బోరు మోటారు

అమెరికాలోని స్మోకీ మౌంటెన్స్ కొండల్లో మేం ఏటా డిసెంబరు చివర్లో అద్దెకి తీసుకునే ఎనిమిది బెడ్రూముల క్యాబిన్ గురించి ప్రకటనలో రాసినవన్నీ నిజమే. ఫొటోల్లో చూపించిన కొండలు డెక్ మీంచి నిజంగానే కనిపిస్తాయి. థియేటర్ రూము, ఆటల గది, హాట్ టబ్, కింది అంతస్తులో ఇంటి లోపలే ఈత కొలను, అన్నీ ఉన్నాయి. లేని ముక్క ఒక్కటే, ఆ ఇంటికి నీళ్లు ఎక్కణ్ణించి వస్తాయన్నది. ఈ సమీక్ష ముప్పాతిక వంతు దాని గురించే. మిగతా వివరాలు కావాలంటే ప్రకటన చదువుకోండి, వాళ్లే బాగా రాశారు.

మేముండేది అట్లాంటాకి ఉత్తరాన కమ్మింగ్‌లో. మా ఆడపడుచు వాళ్లు షార్లెట్‌లో, మా తమ్ముడు నాష్‌విల్‌లో. టెన్నెసీ వైపు వేర్స్ వ్యాలీ మా అందరికీ నాలుగు గంటలకి కాస్త అటూ ఇటూ దూరం. (షార్లెట్ వాళ్లకి మాత్రం 2024 సెప్టెంబరులో హెలీన్ తుఫాను ఐ-40 హైవేని పిజన్ నది లోయలో కోసేశాక ఆ ఏటి ప్రయాణం నరకమైంది.) పిల్లలు, ఇండియా నుంచి వచ్చిన పెద్దవాళ్లు, ఒకటి రెండు స్నేహితుల కుటుంబాలు కలిస్తే ఇరవై మంది దాటుతాం. ఇంతమందికి హోటల్ గదులు తీసుకుంటే ఎవరి తలుపు వాళ్లు వేసుకోవడమే మిగులుతుంది. అందుకే పండగ రోజుల్లో రాత్రికి రెండు వేల డాలర్ల దరిదాపుల్లో పడుతున్నా అందరం వేసుకుని ఈ ఇల్లే తీసుకుంటాం.

మొదటిసారి వెళ్లొచ్చాక దీనికి ఐదు నక్షత్రాలు ఇచ్చి, వంటగదిని ఆకాశానికెత్తి రాశాను. రెండు ఫ్రిజ్‌లు, రెండు డిష్‌వాషర్లు, అందరూ ఒకే బంతిలో కూర్చుని తినగలిగే బల్ల. ఆ మాట మీద ఇప్పటికీ ఉన్నాను. కాకపోతే పొయ్యి గాజు పలకది. మనం మోసుకెళ్లే పెద్ద గిన్నెల అడుగు దాని మీద సరిగ్గా ఆనదు, అన్నం ఒక పక్క ఉడుకుతుంది, ఒక పక్క ఆలోచిస్తుంది. పొయ్యి మీదున్న మైక్రోవేవ్ ఫ్యాను పొగని బయటికి పంపదు, పీల్చుకుని మళ్లీ మన మొహం మీదికే వదుల్తుంది. ఎండుమిర్చి తాలింపు వేశామంటే పైన అటకలాంటి లాఫ్ట్‌లో పడుకున్నవాళ్లు దగ్గుకుంటూ దిగొస్తారు. పిల్లల బంకు బెడ్ల గది బాగుంటుంది. బెడ్రూములు మాత్రం అన్నీ ఒక్క తీరుగా ఉండవు, పెద్ద గది ఎవరికన్నది బుక్ చేసే రోజే తేల్చుకోవడం క్షేమం. మోకాళ్ల నొప్పులున్నవాళ్లకి ప్రధాన అంతస్తులో ఉన్నవి రెండే గదులు. ఇంటికి వెళ్లే దారి నిటారుగా ఉంటుంది. చలికాలంలో నాలుగు చక్రాలూ లాగే బండి ఉండాలని ఒప్పందంలో రాశారు, సరదాకి రాయలేదు.

ఈత కొలను సంగతి. బయట గడ్డకట్టే చలి, లోపల పిల్లలు వెచ్చటి నీళ్లలో. మొదటి ఏడు అదొక అద్భుతంలా అనిపించింది. తర్వాత తర్వాత తెలిసింది, దాని పక్క బెడ్రూములో పడుకున్నవాళ్లు పొద్దున్న క్లోరిన్ వాసనతో లేస్తారని, కిటికీలకి ఎప్పుడూ ఆవిరి పట్టే ఉంటుందని, నాలుగైదేళ్ల పిల్లలున్న తల్లిదండ్రుల్లో ఎవరో ఒకరు రోజంతా అక్కడే కుర్చీ వేసుకు కూర్చోవాలని. తలుపు తీస్తే మోగే అలారం ఉంది గానీ, రోజుకి వందసార్లు మోగేదాన్ని ఎవరు పట్టించుకుంటారు? ఆ కొలను వల్ల ఖర్చు పెరుగుతోంది, వచ్చే ఏడు అది లేని ఇల్లు చూద్దామని నేను గట్టిగా అంటూ ఉన్న రోజుల్లోనే ఆ గాలి వచ్చింది.

ఆ గాలి గురించి కొంచెం చెప్పాలి. దక్షిణం నుంచి వీచే గాలి స్మోకీస్ శిఖరాలు దాటి ఇటు టెన్నెసీ వాలులోకి దిగేటప్పుడు ఒక్కసారిగా వేగం పుంజుకుంటుంది. 2016 నవంబరు 28 రాత్రి ఆ వాలులోనే ఉన్న గాట్లిన్‌బర్గ్ ఊరి మీదికి మంటల్ని తోసుకొచ్చింది ఇలాంటి గాలే. అప్పుడు 14 మంది చనిపోయారు, 2,400కి పైగా కట్టడాలు కాలిపోవడమో దెబ్బతినడమో జరిగింది. మేం చూసింది దాని ముందు ఏపాటిది కాదు. కానీ చెట్లు కరెంటు తీగల మీద పడడానికి అంత గాలి అక్కర్లేదు కదా. రాత్రి భోజనాలయ్యాయి, డిష్‌వాషర్లు రెండూ తిరుగుతున్నాయి, పిల్లలు థియేటర్ గదిలో ఉన్నారు. టప్పున అన్నీ ఆగిపోయాయి.

మొదటి పావుగంట సంబరమే. కొవ్వొత్తులు, ఫోను లైట్లు, అంతాక్షరి. గ్యాసుతో మండే ఫైర్‌ప్లేస్‌కి కరెంటుతో పని లేదు కాబట్టి హాల్లో వెచ్చగానే ఉంది. అప్పుడు మేడ మీంచి మా ఆడపడుచు కొడుకు అరిచాడు, బాత్రూములో నీళ్లు రావడం లేదని. ఇంకో బాత్రూము చూస్తే అక్కడా అంతే. వంటగది కొళాయిలో సన్నటి ధార వచ్చి, అదీ ఆగిపోయింది.

మా అత్తగారిది విజయవాడ. ఆవిడ అడిగిన ప్రశ్న చాలా మామూలుది: "కరెంటు పోతే నీళ్లెందుకు పోతాయమ్మాయ్? పైన ట్యాంకు లేదూ?"

లేదు. మనవైపు ఎంత చిన్న ఇల్లయినా నెత్తి మీద ఒక ట్యాంకు ఉంటుంది, కరెంటు పోయినా పూట గడుస్తుంది. ఇక్కడ పట్టణం నీళ్లున్నచోట ఊరి ట్యాంకే ఆ పని చేస్తుంది. కొండ మీది క్యాబిన్లలో చాలావాటికి ఆ పైపు రాదు. బోరు వేసి, లోపల మోటారు దింపి, దాన్ని ఒక ప్రెషర్ ట్యాంకుకి కలుపుతారు. కొళాయి తిప్పితే ట్యాంకులో ఒత్తిడి తగ్గుతుంది, మోటారు దానంతటదే ఆన్ అవుతుంది. కరెంటున్నంతసేపూ పట్టణానికీ దీనికీ తేడా తెలియదు. కరెంటు పోయాక ఆ ట్యాంకులోంచి వచ్చేది దాని కొలతలో మూడోవంతు కూడా ఉండదు. ఆ కాస్తా మా డిష్‌వాషర్లు తాగేశాయి.

ఇరవై మందికి పైగా జనం, తొమ్మిది బాత్రూములు, చుక్క నీరు లేదు. తాగడానికి ఇబ్బంది లేదు, సీసాల పెట్టెలు తెచ్చుకున్నాం. సమస్య ఫ్లష్‌ది. ప్రతి కమోడు వెనక తొట్టిలో ఒక్క ఫ్లష్‌కి సరిపడా ఉంటాయి. ఆ తొమ్మిదీ అరగంటలో అయిపోయాయి, అందులో సగం పిల్లలు సరదాకి నొక్కినవే.

కొలను మాట ఎత్తింది మా మామగారు. కింద చెరువంత నీళ్లు పెట్టుకుని ఏమిటీ గోల అన్నారు. అంతే, అందరూ లేచారు. తీరా చూస్తే, లక్షలు పోసి కట్టిన ఆ ఇంట్లో బకెట్టు లేదు! నేల తుడిచే బకెట్టు ఒక్కటి దొరికింది. బాత్రూముల్లోని చెత్తబుట్టలు తొమ్మిదీ బోర్లించి, సంచులు తీసేసి, అవే బకెట్లు చేశాం. నా బిర్యానీ గిన్నె ఇవ్వనని తెగేసి చెప్పాను. ఒక చెత్తబుట్టెడు నీళ్లు కమోడులోకి ఒక్క ఊపున పోస్తే ఫ్లష్ అయిపోతుంది, వెనక తొట్టి నింపక్కర్లేదు. ఇక్కడ పుట్టిన పిల్లలకి ఇది పెద్ద విజ్ఞానశాస్త్ర ఆవిష్కరణ. మా తరానికి మామూలు పనే. మేడ మీది బాత్రూములన్నిటికీ తాళం వేసి, కొలను పక్కనున్న రెండు బాత్రూములు అందరికీ, ప్రధాన అంతస్తులో ఒకటి పెద్దవాళ్లకీ అని అత్తగారు తీర్పు చెప్పారు. మీసాలు మొలుస్తున్న కుర్రాళ్లు నలుగురూ వంతులేసుకుని మోశారు. మురుగు సెప్టిక్ ట్యాంకుకి వాలులో దానంతటదే పోయే ఇల్లు కావడం మా అదృష్టం. కొన్ని ఇళ్లలో దాన్నీ పంపే తోస్తుంది, అదీ కరెంటుదే. అప్పుడు కొలను ఉన్నా లాభం లేదు.

పొద్దున్నకి గాలి తగ్గింది, కరెంటు రాలేదు. డెక్ మీద గ్యాసు గ్రిల్ ఉంటే దాని మీద ఇడ్లీలు పెట్టాం, పొయ్యి మీద కంటే బాగా వచ్చాయి. ఫ్రిజ్‌లోవి చలికి బయట పెడదామని ఎవరో అంటే మా తమ్ముడు ఒప్పుకోలేదు. స్మోకీస్ నేషనల్ పార్కు వాళ్ల లెక్కలో అక్కడ నల్ల ఎలుగుబంట్లు 1,900 దాకా ఉన్నాయి, అన్నీ శీతాకాలం నిద్రకి పోయాయని వాడు హామీ ఇవ్వలేనన్నాడు. మధ్యాహ్నం మూడింటికి కరెంటొచ్చింది. కొళాయిలు ముందు గాలి కక్కాయి, తర్వాత కాస్సేపు ఎర్రటి నీళ్లు, తర్వాత మంచినీళ్లు.

ఇంతవరకూ ఎవరినీ తప్పుపట్టను. గాలి ఎవరి చేతిలో ఉంటుంది? నా కోపం ఆ ఇల్లు చూసుకునే కంపెనీ మీద. రాత్రి అత్యవసర నంబరుకి ఫోను చేస్తే "కరెంటొస్తే నీళ్లొస్తాయి" అన్నారు, ఆ సంగతి అప్పటికే మాకు తెలిసిపోయింది. ఒక జనరేటర్ పంపగలరా అంటే బోరు మోటారు 240 వోల్టులది, మామూలు చిన్న జనరేటర్ దాన్ని నడపదన్నారు. అదీ నిజమే, కానీ ఇరవై నాలుగు మంది పడుకోవచ్చని ప్రకటించే ఇంటికి దాన్ని నడిపేది పెట్టుకోవాల్సింది ఎవరు? వాతావరణం వల్ల కలిగే అంతరాయాలకి డబ్బు వెనక్కి ఇవ్వరని ఒప్పందంలో ఉంది. వచ్చేసారి కొంత తగ్గిస్తామన్నారు, పండగ రోజుల్లో చెల్లదట. మేం వెళ్లేదే పండగ రోజుల్లో.

అసలు మంట వేరే ఉంది. ఇంటికొచ్చిన రెండో రోజు మెసేజ్ పంపారు: కొలనులో నీటి మట్టం తగ్గింది, కొలను మోటారు గాలి పీల్చింది, మీ పిల్లలు నీళ్లు బయటికి తోడారా అని. అంటే నష్టపరిహారం అడగబోతున్నారన్నమాట. మా వారికి ఇలాంటివి దొరికితే పండగే. కూర్చుని లెక్క రాసి పంపారు. కొలను పొడవు ఇరవై అడుగులు, వెడల్పు పది. ఒక అంగుళం తగ్గిందంటే 125 గ్యాలన్లు. అమెరికాలో ఇప్పటి కమోడుకి ఫ్లష్‌కి 1.6 గ్యాలన్లు. అంటే 78 ఫ్లష్‌లు. ఇరవై పైచిలుకు మందికి పద్దెనిమిది గంటల్లో అది ఎక్కువా తక్కువా మీరే చెప్పండి, ఆ ఫ్లష్‌లు జరగకపోయుంటే మీ క్లీనింగ్ వాళ్లు ఏమనేవాళ్లో కూడా చెప్పండి అని. జవాబు రాలేదు, డబ్బూ అడగలేదు.

కాబట్టి పెద్ద గుంపుతో కొండల్లో ఇల్లు తీసుకునేవాళ్లు హాట్ టబ్‌లో ఎంతమంది పడతారో కాదు, ఇవి అడగండి: నీళ్లు పట్టణానివా, బోరువా? బోరుదైతే జనరేటర్ ఉందా, అది బోరు మోటారుని నడుపుతుందా? మురుగుకి పంపు ఉందా? ఫోన్లో చాలామందికి జవాబు తెలియదు, మెసేజ్‌లో అడిగి రాతలో తెప్పించుకోండి. ఎలాగూ ఓ మూత ఉన్న బకెట్టు కారులో వేసుకోండి. అలాగే పార్కులో పావుగంట మించి బండి ఆపితే 2023 మార్చి నుంచి పార్కింగ్ ట్యాగ్ కొనాలి, రోజుకి 5 డాలర్లు, వారానికి 15. క్లింగ్‌మన్స్ డోమ్, అంటే 2024 నుంచి కువోహి, దాని రోడ్డు డిసెంబరు నుంచి మార్చి దాకా మూసేస్తారు. శిఖరం చూడడానికే వెళ్లేవాళ్లు మా నెలలో వెళ్లకండి.

ఇల్లు మంచిదేనా అంటే, మా లాంటి వాళ్లకి మంచిదే. మాకు బల్ల కావాలి, పెద్దవాళ్లకి కింద గది కావాలి, కుర్రాళ్లకి బరువులు మోసే ఒంట్లో బలం ఉంది. చంటిపిల్లలతోనో, ఆక్సిజన్ మిషను మీద ఉన్న పెద్దవాళ్లతోనో వెళ్లేవాళ్లకి చలికాలంలో ఈ ఇల్లు నేను చెప్పను. వేసవిలో ఎలా ఉంటుందో మేం చూడలేదు. ఐదు నక్షత్రాలు ఇప్పుడు నాలుగు చేశాను. వంటగదిలో పొయ్యికీ ఫ్యానుకీ తగ్గించాల్సింది కొలనుకి కలిపాను కాబట్టి నాలుగు, లేకపోతే మూడే.

ఈ డిసెంబరుకి ఇంకా బుక్ చేయలేదు. పిజన్ ఫోర్జ్ ఊరికి దగ్గర్లో ఇంకో ఇల్లు చూశాం, పట్టణం నీళ్లు, జనరేటర్ కూడా ఉంది. కొలను లేదు. అత్తగారు అడిగిన మొదటి మాట, మరి ఆ జనరేటర్ పాడైతే నీళ్లెక్కడివని. పిల్లల ఓటు ఎటో చెప్పక్కర్లేదు.