నైట్ డ్యూటీ దిగి క్లాసుకి: శ్రీకాకుళం ట్రైనింగ్ సెంటర్

ఏడు రోడ్ల కూడలికి కాస్త అవతల, మేడ మీద సెంటర్. జనరల్ డ్యూటీ అసిస్టెంట్ (రోగుల్ని దగ్గరుండి చూసుకునే సహాయకుల) కోర్సు చేశాను. రాత్రి వృద్ధాశ్రమంలో డ్యూటీ, పొద్దున తొమ్మిదికి క్లాసు. మేడమ్ బాగా చెబుతారు. మంచం పట్టినవాళ్లని రెండు గంటలకోసారి తిప్పాలని నాకు ముందే తెలుసు, ఎందుకో ఇక్కడే తెలిసింది. ఒకేచోట బరువు పడితే రక్తం అందక పుండు పడుతుంది. ఆ రాత్రే మా ఆశ్రమంలో ఒక తాతగారి మడమ చూశాను. ఎర్రగా ఉంది, వేలితో నొక్కినా ఎరుపు పోలేదు. పిక్కల కింద దిండు పెట్టి, మడమ పరుపుకి ఆనకుండా లేపి, నర్సుకి చెప్పాను.

సీపీఆర్ (గుండె ఆగినవాళ్లకి ఛాతీ నొక్కడం) నేర్చుకునే బొమ్మ మాత్రం బ్యాచ్ మొత్తానికి ఒక్కటే. నిమిషానికి 100 నుంచి 120 సార్లు, కనీసం 5 సెంటీమీటర్ల లోతు నొక్కాలి. నా వంతొచ్చేసరికి స్ప్రింగే పోయింది! నోట్సు సగం ఇంగ్లీషే. ఫ్యాన్ కింద మాత్రం కూర్చోకండి, నిద్ర ముంచుకొస్తుంది.