మెట్ల పైకొసకు ‘డ్రిల్లింగ్ అక్కర్లేని’ గేటు కొంటున్నారా? జాగ్రత్త

చిన్నపిల్లలు మెట్ల మీంచి పడకుండా పెట్టే గేటు ఇది. పెట్టె మీద మెట్ల బొమ్మ ఉంటుంది. పక్కనే ‘గోడకు రంధ్రం అక్కర్లేదు, ఐదు నిమిషాల్లో బిగించుకోవచ్చు’ అని ఉంటుంది. పాకే బిడ్డ ఉన్న ఇంట్లో, అందులోనూ అద్దె ఇంట్లో, ఈ మాట చూస్తే ఎవరికైనా కొనెయ్యాలనిపిస్తుంది. కానీ ఈ రకం గేటు మెట్ల పైకొసకు పనికిరాదు. ఆ సంగతి పెట్టె లోపలి కాగితంలో చిన్న అక్షరాల్లో రాసి ఉంటుంది. అది మన కంట పడేసరికి ప్యాకింగ్ చించేసి ఉంటాం. వెనక్కి ఇవ్వబోతే ‘బిగించిన సరుకు తీసుకోం’ అంటారు.

ఈ గేటుకు నాలుగు మూలలా మరలున్న కడ్డీలు, వాటి చివర రబ్బరు బిళ్లలు ఉంటాయి. మర తిప్పేకొద్దీ బిళ్లలు రెండు గోడలనూ నెడతాయి. గేటు నిలబడేదంతా ఆ ఒత్తిడి మీదే. గోడ గరుకుగా, గట్టిగా ఉంటే పరవాలేదు. మన దగ్గర ఇప్పుడు కట్టే డూప్లెక్సుల్లో మెట్లకే కాదు, మెట్ల పక్క గోడకూ మోకాలి ఎత్తు దాకా పాలిష్ గ్రానైటు అంటిస్తున్నారు. ఆ నున్నటి రాయి మీద రబ్బరు పట్టు నిలవదు. గేటు టప్పుమని మూసిన ప్రతిసారీ మర వెంట్రుకవాసి వదులవుతుంది. చూడ్డానికి ఏ తేడా ఉండదు. వారం పది రోజులకు బిడ్డ పట్టుకుని ఊపితే కింది మూల జారుతుంది.

ఇక స్కర్టింగ్. గోడ అడుగున నాలుగు అంగుళాల రాతిపట్టీ గోడ కన్నా ఒకటి రెండు సెంటీమీటర్లు ముందుకు ఉంటుంది. అంటే కింది కడ్డీలకు దొరికే వెడల్పు వేరు, పై కడ్డీలది వేరు. ఒకే కొలతతో ఆర్డర్ పెట్టినవాళ్లకు గేటు వంకరగా కూర్చుని గడియ పడదు. స్కర్టింగ్ మీద ఒకటి, గేటు నడిమి ఎత్తులో ఒకటి, పైన ఒకటి, మూడు చోట్ల టేపు పెట్టండి. ఎక్కువ గేట్లు 75 నుంచి 85 సెం.మీ. దాకానే సరిపోతాయి. మూడడుగుల మెట్లంటే 91 సెం.మీ., కాబట్టి అదనపు ముక్క విడిగా కొనాల్సి వస్తుంది. పెట్టె ధర చూసి చౌక అనుకునేవాళ్లు ఇక్కడ దెబ్బతింటారు.

అన్నిటికన్నా పెద్ద ముప్పు గేటు అడుగున ఉండే అడ్డపట్టీ. గేటు తెరిచినా అది నేల మీదే ఉంటుంది. చంకలో బిడ్డతో దిగేటప్పుడు కాలు తగిలిందంటే, ముందు ఉండేవి మెట్లే. బిడ్డ పడకుండా పెట్టిన గేటు, ఇద్దరినీ పడేస్తుంది.

పెట్టెలో నాలుగు చిన్న ప్లాస్టిక్ గిన్నెల్లాంటివి, స్క్రూలు వస్తాయి. రబ్బరు బిళ్లలు కూర్చోడానికి గోడకు బిగించే గిన్నెలవి. చాలా ఇళ్లలో అవి సొరుగులోకి పోతాయి. అమెరికాలో 2021 జులై నుంచి అమల్లో ఉన్న నిబంధన ప్రకారం గేటు నాలుగు మూలల్లోనూ నడుమనా 30 పౌండ్ల, అంటే దాదాపు పదమూడున్నర కిలోల తోపుడుకు ఆగాలి. గిన్నెలు లేనిదే ఆగని గేటు మీద ‘ఇవి బిగించి తీరాలి’ అన్న హెచ్చరిక ఉండాలి. ‘డ్రిల్లింగ్ అక్కర్లేదు’ అన్న మాటకు విలువెంతో దీన్నిబట్టే తెలుస్తుంది. గిన్నెలు బిగిస్తే మెట్ల అడుగునా, వంటింటి గుమ్మంలోనూ ఈ గేటు బాగానే పనిచేస్తుంది.

పైకొసకు కావలసింది గోడకే స్క్రూలతో బిగించే గేటు. అడుగున పట్టీ ఉండకూడదు. మెట్లవైపు కాకుండా లోపలివైపుకే తెరుచుకోవాలి. పెట్టె మీద ఈఎన్ 1930 లేదా ఏఎస్‌టీఎం ఎఫ్1004 అని ఉందేమో చూడండి, ఇలాంటి గేట్లకు యూరప్, అమెరికా భద్రతా ప్రమాణాలవి. స్క్రూ పట్టుకోడానికి గోడ రంధ్రంలో దించే ప్లాస్టిక్ ప్లగ్గు సిమెంటు పూతలోనే ఆగితే ఊడొస్తుంది. అది పూత దాటి ఇటుకలోకి దిగాలి. 8 మి.మీ. ప్లగ్గు, కనీసం 50 మి.మీ. స్క్రూ వాడమనండి. తేలికపాటి ఏఏసీ బ్లాకుల గోడయితే మామూలు ప్లగ్గు నిలవదు, వాటికి వేరే రకం అడగండి. గ్రానైటు ఉన్నచోట ముందు రూపాయి బిళ్లతో తట్టండి. డొల్ల శబ్దమొస్తే రాయి వెనక సిమెంటు లేనట్టే, అక్కడ బిగించొద్దు. రాయి దాటేదాకా డ్రిల్లు సుత్తి మోడ్‌లో పెట్టకూడదు, పలక చీలిపోతుంది.

ఒక పక్క గోడ కాకుండా గుండ్రటి స్టీలు రెయిలింగ్ ఉంటే ఒత్తిడి గేటు మాట మరిచిపోండి. పైపు మీద బిళ్ల జారుతుంది, పైపు కూడా కాస్త వంగుతుంది. పైపుకు క్లాంపులతో చెక్కపట్టీ కట్టి దానికి కీళ్లు బిగించాలి. ఆ రెయిలింగ్ అడ్డపైపులదైతే బిడ్డకు అదే నిచ్చెన. దానికి షీటు కొట్టించకుండా గేటొక్కటే పెట్టి లాభం లేదు.

నిజానికి మన మెట్లకు వెల్డింగ్ షాపులో చేయించిందే సరిగ్గా కూర్చుంటుంది. కాకపోతే పూలు, లతలు వద్దని గట్టిగా చెప్పండి, కాలు పెట్టి ఎక్కడానికే అవి. నిలువు కడ్డీలే వేయించండి, మధ్య సందు 6 సెం.మీ. దాటకూడదు. నేలకూ గేటుకూ మధ్య 5 సెం.మీ. లోపే ఉండాలి. ఎత్తు 75 సెం.మీ. ఉంటే మేలు. మామూలు గడియను ఏడాదిన్నర బిడ్డ చూసి నేర్చేసుకుంటుంది, దాన్ని మెట్లవైపు పెట్టించండి. కీలు మేకుల మీద కూర్చునే రకమైతే పైన చిన్న ముక్క వెల్డు చేయించండి, లేకపోతే గేటును ఎత్తి తీసెయ్యొచ్చు.

ఆన్‌లైన్‌లో కొంటే పెట్టె విప్పడం వీడియో తీయండి. పెట్టె మీద ఎంఆర్‌పీ, దిగుమతిదారు పేరు, చిరునామా లేకపోతే అదే ఒక ఫిర్యాదు. అమ్మకం పేజీలో ‘మెట్ల పైకొసకు’ అని ఉండి కాగితంలో వద్దని ఉంటే రెండూ ఫోటో తీసి జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కు ఫోన్ చేయండి. వినియోగదారుల కమిషన్‌లో 5 లక్షల దాకా విలువైన కేసుకు ఫీజు లేదు.

ఇప్పటికే ఒత్తిడి గేటు పైన పెట్టి ఉంటే ఈ రోజే తీసి మెట్ల అడుగుకు మార్చండి. పైనకు వేరేది వచ్చేదాకా బిడ్డ ఉండే పై గది తలుపు గడియ పెట్టి ఉంచండి.