పాప తుంటి స్కాన్ కోసం వెళ్లాం: మూడు స్టార్లు

మా పాప ఎదురుకాళ్లతో పుట్టింది. నెలన్నర టీకాకి వెళ్తే పిల్లల డాక్టర్ రెండు తొడలూ విప్పి చూసి, ఎడమ తుంటి కీలు గుంటలో సరిగా కూర్చుందో లేదో అనుమానంగా ఉంది, స్కాన్ తీయించండి అన్నారు. ఇక ఆ రోజు నుంచి డైపర్ మార్చినప్పుడల్లా తొడల మీది మడతలు రెండు వైపులా ఒకేలా ఉన్నాయా అని లెక్కపెట్టడమే నా పని.

హనుమకొండలోని ఈ స్కానింగ్ సెంటర్‌లో పదింటికి రమ్మని పన్నెండింటికి పిలిచారు. పాలివ్వడానికి ఓ మూల కూడా లేదు, మెట్ల మీద కూర్చుని చున్నీ కప్పుకుని ఇచ్చాను. దీనికే రెండు స్టార్లు తీసేశాను. లోపల డాక్టరమ్మ మాత్రం బంగారం. జెల్ సీసా ముందే గోరువెచ్చటి నీళ్లలో పెట్టి ఉంచింది, పాప కిక్కురుమనలేదు. ఈ వయసులో తుంటి ఇంకా లేత ఎముకే, ఎక్స్‌రేలో సరిగా కనబడదు, అందుకే అల్ట్రాసౌండ్ అని తెర మీద చూపించింది. తుంటి గుంట కోణం 60 డిగ్రీలు, ఆపైన ఉంటే మామూలట. మాకు ఎడమవైపు 57. మూడు నెలల లోపు ఇది చాలావరకు దానంతటదే సర్దుకుంటుందని, నాలుగు వారాలకి మళ్లీ రమ్మంది.

కాళ్లు చాపి బిగించి బట్ట చుట్టొద్దంది. అత్తమ్మకి చెబితే "మేం పెంచలేదా పిల్లల్ని?" అన్నది. సాయంత్రానికి తనే వదులుగా చుట్టింది.