మన డబ్బుతో వాళ్ల ప్రచారం: ఆరిజోనా, న్యూయార్క్, సియాటెల్... ఏది మేలు?

అమెరికాలోని ఆరిజోనా రాష్ట్రంలో స్టీవ్ మే అనే శాసనసభ్యుడికి పార్కింగ్ చలానా పడింది, 27 డాలర్లు. దాని మీద ఇంకో పది శాతం సర్‌చార్జి. ఆ సర్‌చార్జి ఎన్నికల్లో నిలబడేవాళ్ల ప్రచారానికి ప్రభుత్వం డబ్బిచ్చే నిధికి పోతుంది కాబట్టి అది మాత్రం కట్టనన్నాడు. మూడు డాలర్లు కూడా లేని ఆ చిల్లర కోసం కేసు రాష్ట్ర సుప్రీంకోర్టు దాకా వెళ్లింది. 2002లో ఆయనే ఓడిపోయాడు.

ఓడినా, ఆయన గొడవ తీసిపారేసేది కాదు. నాకు గిట్టనివాడి ఫ్లెక్సీలకి నా జేబులోంచి ఎందుకివ్వాలి? అలాగని వదిలేస్తే డబ్బున్నవాడి మాటే చెల్లుతుంది. అభ్యర్థులు ఇంతకు మించి ఖర్చు పెట్టకూడదని చట్టం బలవంతం చేయకూడదని అమెరికా సుప్రీంకోర్టు 1976లోనే తేల్చేసింది. ప్రభుత్వ సొమ్ము తీసుకునేవాళ్లకి మాత్రం ఆ షరతు పెట్టొచ్చంది. అందుకే అక్కడ ప్రచారానికి ప్రభుత్వ సొమ్మిచ్చే ఈ పథకాల్లో చేరడం అభ్యర్థి ఇష్టం.

ఆరిజోనా పద్ధతిలో అభ్యర్థి ఓటర్ల దగ్గర తలా 5 డాలర్లు చొప్పున, చట్టం చెప్పినంతమంది దగ్గర వసూలు చేసి తన బలం చూపించాలి. అప్పుడు నిధి నుంచి గంపగుత్తగా డబ్బు వస్తుంది. పెద్దల గుమ్మాల ముందు పడిగాపులు తప్పుతాయి, నిజమే. కానీ చలానా కట్టినవాడికి అందులో నోరెత్తే వీలే లేదు. పైగా పథకంలో చేరని అవతలివాడు తను కూడగట్టిన డబ్బు ఎక్కువ పెడితే, పథకంలో ఉన్న ఇవతలివాడికి ప్రభుత్వం ఇంకాస్త పోసేది. అది అవతలివాడి గొంతు నొక్కడమేనని 2011లో అమెరికా సుప్రీంకోర్టు 5-4తో ఆ భాగాన్ని కొట్టేసింది.

న్యూయార్క్ నగరంలో మనం 10 డాలర్లిస్తే, పథకంలో చేరిన అభ్యర్థికి నగరం 80 కలుపుతుంది. చిన్న చందాకి భలే విలువ. కాకపోతే ఆ పది జేబులో ఉండాలి. లేనివాడి పన్ను ఉన్నవాడి ఇష్టం వెంట నడుస్తుంది.

వాషింగ్టన్ రాష్ట్రంలోని సియాటెల్ నగరంలో ఓటర్లు 2015లో ఒప్పుకున్న పద్ధతి వేరు. ఇంటికి పోస్టులో 25 డాలర్ల వోచర్లు నాలుగు వస్తాయి. పేరు రాసి, సంతకం పెట్టి, పథకంలో ఉన్న అభ్యర్థుల్లో నచ్చినవాళ్లకి ఇవ్వొచ్చు. మన దగ్గర ఓటరు చేతిలో నోటు పెట్టేది అభ్యర్థి, అక్కడ అభ్యర్థి చేతిలో పెట్టేది ఓటరు! ఖర్చు ఆస్తి పన్ను నుంచే, కాబట్టి ఇంటి యజమానులు కోర్టుకెక్కారు. వోచరు ఎవరికివ్వాలో చెప్పేది ప్రభుత్వం కాదు, మనిషే కదా అని 2019లో వాషింగ్టన్ రాష్ట్ర సుప్రీంకోర్టు ఏకగ్రీవంగా వాళ్ల కేసు కొట్టేసింది.

నా ఓటు సియాటెల్‌కే. స్టీవ్ మే బాధ అక్కడా పూర్తిగా తీరదు, పన్ను ఎలాగూ కట్టాలి. కానీ వంద డాలర్లు ఎటు పోవాలో చెప్పే హక్కయినా చేతికొస్తుంది. లోపాలున్నాయి. చాలామంది ఆ కాగితాలు వాడనే వాడరు. ఎవరు ఎవరికిచ్చారో నగరం బయటపెడుతుంది, అంటే మన ఓటు రహస్యమే గానీ వోచరు కాదు. పక్కింటాయనకి తెలిసినా పర్లేదనుకునేవాళ్లకే అది పూర్తి స్వేచ్ఛ. ఇంకో సంగతి, గ్రీన్ కార్డు ఉండి ఓటు లేనివాళ్లు కూడా వోచరు ఇవ్వొచ్చు. హెచ్-1బీ వాళ్లకి లేదు. మనవాళ్లు ఎక్కువగా ఉండే రెడ్‌మండ్, బెల్‌వ్యూలకీ లేదు, అవి వేరే నగరాలు.