డాట్‌నెట్ పారలల్ ఫర్‌ఈచ్ ఎసింక్: ఇన్నాళ్ళూ వాడాక నా మాట

ఒక్క సెట్టింగ్ కోసం ఇదంతా రాస్తున్నాను. దాని పేరు మ్యాక్స్ డిగ్రీ ఆఫ్ పారలలిజం, అంటే ఒకేసారి ఎన్ని పనులు నడవాలో చెప్పే అంకె. 2021 నవంబరులో మైక్రోసాఫ్ట్ వాళ్ళ ప్రోగ్రామింగ్ వేదిక డాట్‌నెట్ 6తో పారలల్ ఫర్‌ఈచ్ ఎసింక్ (జాబితాలోని పనులను కొన్నేసి చొప్పున ఒకేసారి నడిపే లూప్) వచ్చిన దగ్గర్నుంచీ వాడుతున్నాను. ఇంత పని చేసిపెట్టిన అంకె ఇంకోటి నా కోడ్‌లో లేదు.

మాది కాశీబుగ్గ. పలాస చుట్టుపక్కల జీడిపప్పు వ్యాపారులకు లెక్కల సాఫ్ట్‌వేర్ రాసిస్తుంటాను. నెలాఖరుకి ప్రతి దుకాణం బాకీ ఎంతుందో ఖాతాలోంచి తీసి, చీటీ తయారుచేసి, మెసేజ్ సర్వీసు ద్వారా షాపువాళ్ళ ఫోనుకి పంపాలి. లెక్క చూస్తే చిన్న పనే. కానీ ప్రతి మెసేజ్‌కీ అవతలి సర్వర్ జవాబు చెప్పేదాకా ఆగాలి. ఒకదాని వెనక ఒకటి పంపితే తెమలదు. అన్ని పనులూ అయ్యేదాకా కాచుకునే టాస్క్ వెన్‌ఆల్‌తో అన్నీ ఒక్కసారే వదిలేస్తే అవతలి సర్వర్ 429, అంటే 'మరీ ఎక్కువ పంపుతున్నారు' అని తిప్పికొడుతుంది. పోనీ కనెక్షన్లు ఇన్నే అని మనవైపు కట్టడి పెట్టుకున్నామా, వరసలో ఆగినవి హెచ్‌టీటీపీ క్లయింట్ (సర్వర్‌ని అడిగి జవాబు తెచ్చే భాగం) గడువు దాటిపోయి పడిపోతాయి. మనం మార్చకపోతే ఆ గడువు వంద సెకన్లు. వరసలో నిలబడ్డ సమయం కూడా అందులోకే వస్తుంది.

అంతకుముందు ఇదే పనికి సెమాఫోర్ స్లిమ్ (ఒకేసారి ఇంతమందినే లోపలికి వదిలే గేటు లాంటిది) పెట్టి, వెయిట్ చేసి, ఫైనల్లీలో రిలీజ్ చేసి, అన్ని టాస్క్‌లనూ ఒక లిస్టులో పోగేసేవాళ్ళం. నాలుగు వరసల పనికి ఇరవై వరసల కోడ్. ఇప్పుడు అంకె నాలుగు అని పెడితే ఎప్పుడూ నాలుగే నడుస్తాయి. లారీ దగ్గర నలుగురు కళాసీలు పనిచేసినట్టు, చేతిలో బస్తా దించినవాడే ఇంకో బస్తా ఎత్తుతాడు. అందరూ దించేదాకా ఎవరూ ఆగరు, అయిదోవాడు మధ్యలో దూరడు.

ఇంకో సంగతి వాడాకే తెలిసింది. దీనికి మామూలు లిస్టే ఇవ్వాలని లేదు, ఒక్కొక్కటిగా వచ్చే డేటా ధార, అంటే ఐఎసింక్ ఎన్యూమరబుల్ ఇచ్చినా తీసుకుంటుంది. డేటాబేస్ నుంచి ఖాతాలన్నీ ముందే మెమరీలోకి లాగక్కర్లేదు. చేయి ఖాళీ అయిన కొద్దీ తర్వాతి వరస తెచ్చుకుంటుంది. మా వ్యాపారుల ఆఫీసుల్లో ఉండేవి పాత కంప్యూటర్లు. అలాంటి మెషీన్ మీద ఇది చిన్న సుఖం కాదు. ఒక జాగ్రత్త మాత్రం ఉంది: లూప్ లోపల అందరూ ఒకే డీబీ కాంటెక్స్ట్ (డేటాబేస్‌తో మాట్లాడే వస్తువు) పట్టుకోకూడదు, ఎవరిది వాళ్ళకి ఫ్యాక్టరీ నుంచి తీసివ్వాలి.

ఇక అసలు దెబ్బ గురించి.

ఒక నెలాఖరున లూప్ సగంలో ఆగిపోయింది. ఒక దుకాణం ఫోన్ నంబరులో ఒక అంకె తక్కువ. మెసేజ్ సర్వీసు 400, అంటే 'మీరు పంపింది తప్పు' అని జవాబిచ్చింది, జవాబు సరిగ్గా ఉందో లేదో చూసే ఎన్‌ష్యూర్ సక్సెస్ స్టేటస్ కోడ్ ఎక్సెప్షన్ (తప్పు జరిగిందనే సంకేతం) విసిరింది. అక్కడిదాకా బాగానే ఉంది. కానీ ఫర్‌ఈచ్ ఎసింక్ తీరు ఏమిటంటే, ఒక్క వరసలో ఎక్సెప్షన్ వచ్చిందంటే కొత్త వరసలు మొదలుపెట్టడం మానేసి, ఇప్పటికే నడుస్తున్నవాటికి ఇచ్చిన టోకెన్‌ను, అంటే 'ఆపు' అని చెప్పే గుర్తును, క్యాన్సిల్ చేస్తుంది. ఆ టోకెన్‌ను పంపే కాల్‌కి అందించడం పద్ధతి కాబట్టి, అప్పటికి దారిలో ఉన్న మిగతా మూడు మెసేజ్‌లూ మధ్యలో తెగాయి. తెగింది మా వైపు మాత్రమే. అవతలి సర్వర్‌కి అవి అందాయి, అది ఫోన్లకి పంపేసింది కూడా. మా డేటాబేస్‌లో మాత్రం 'వెళ్ళలేదు' అని మిగిలింది. నంబరు సరిచేసి మళ్ళీ నడిపితే ఆ ముగ్గురికీ రెండో చీటీ వెళ్ళింది.

వ్యాపారికి దుకాణదారు దగ్గర్నుంచి ఫోను, నాకు వ్యాపారి దగ్గర్నుంచి ఫోను. "ఏటి బాబూ, ఒక్క బాకీకి రెండు చీటీలేటి? నేనేదో తొందరపెట్టేస్తున్నానని ఆయన నొచ్చుకున్నాడు." అప్పు మీద నడిచే వ్యాపారంలో రెండోసారి అడగడమంటే నమ్మకం లేదని చెప్పినట్టే. ఆయన చెప్పిందాంట్లో నాకు తప్పు కనపడలేదు.

ఆ తర్వాత కోడ్ ఇలా మారింది. ఖాతా చదివే కాల్‌కి టోకెన్ ఇస్తాను, మెసేజ్ పంపే కాల్‌కి ఇవ్వను. బయల్దేరినదాన్ని దాని జవాబు వచ్చేదాకా పోనిస్తాను. పంపే ముందు 'పంపుతున్నాం' అని డేటాబేస్‌లో రాసి, జవాబు వచ్చాక 'పంపాం' అని మారుస్తాను. మధ్యలో మిగిలినవి మళ్ళీ వాటంతటవి వెళ్ళవు, మనిషి చూసి తేల్చాలి. ఎక్సెప్షన్‌ను పట్టుకునే ట్రై క్యాచ్ లూప్ లోపలే ఉంటుంది, అయితే అన్నిటినీ మింగేయదు. హెచ్‌టీటీపీ రిక్వెస్ట్ ఎక్సెప్షన్‌లో స్టేటస్ కోడ్ 400 ఉంటే అది ఆ ఒక్క దుకాణం గొడవ, రాసుకుని ముందుకెళ్తాను. స్టేటస్ కోడ్ ఏమీ లేకుండా ఖాళీగా వస్తే అసలు జవాబే రాలేదన్నమాట. మా వైపు గాలీవానా వస్తే ముందు పోయేది కరెంటూ నెట్టే. అలాంటప్పుడు లూప్ మొత్తం ఆగిపోవడమే మంచిది, ఆ ఎక్సెప్షన్‌ను పట్టుకోకుండా వదిలేస్తాను. అంటే ఒక్క తప్పుకే అంతా ఆపేసే ఈ గుణం చెడ్డదని అనలేను. ఎప్పుడు ఆగాలో మనం చెప్పకపోతేనే ప్రమాదం. పరిచయ పాఠాలు చాలావరకు ఈ ముక్క చెప్పకుండానే ముగుస్తాయి, నా కోపమల్లా అక్కడే.

మొదట్లో తోటివాళ్ళకి 'ఆ అంకె పెట్టి మర్చిపోండి' అనేవాణ్ణి. ఇప్పుడు అలా అనడం లేదు. అది ఒకేసారి ఎన్ని నడవాలో చెబుతుంది, సెకనుకి ఎన్ని వెళ్ళాలో చెప్పదు. అవతలి సర్వర్ చురుగ్గా జవాబిస్తే నాలుగే నడుస్తున్నా సెకను పరిమితి దాటిపోవచ్చు. దానికి డాట్‌నెట్ 7తో వచ్చిన రేట్ లిమిటింగ్ విడిగా పెట్టుకోవాలి. అసలు అంకె పెట్టకుండా వదిలేస్తే మెషీన్‌లో ఎన్ని ప్రాసెసర్లుంటే అన్ని నడుపుతుంది. నాలుగు కోర్ల డెస్క్‌టాప్‌లో సవ్యంగా నడిచిన కోడ్, పదహారు కోర్ల సర్వర్‌కి ఎక్కించగానే పదహారు వదులుతుంది. నెట్‌వర్క్ జవాబు కోసం కాచుకునే పనికీ కోర్ల లెక్కకీ సంబంధమే లేదు. అంకె మీరే రాయండి.

ఫలితాలు కూడా తిరిగివ్వదు. ఏ దుకాణానికి ఏమైందో కావాలంటే ముందే అంత పొడవు యారే తీసుకుని, ఎవరి స్థానంలో వాళ్ళు రాసుకునేలా చేయాలి. మామూలు లిస్టులోకి నలుగురూ ఒకేసారి యాడ్ చేస్తే కొన్ని మాయమవుతాయి, అందరూ ఒకేసారి వేసుకోగల కాంకరెంట్ బ్యాగ్‌లో వరస ఉండదు. డాట్‌నెట్ 8లో వచ్చిన పారలల్ ఫర్ ఎసింక్ నేరుగా స్థానం అంకెనే ఇస్తుంది, ఈ పనికి అదే నయం.

నావరకు నెలాఖరు పనికి ఇది వదలను. నా దుకాణాల సంఖ్య వందల్లో, పని నెలకి ఒకసారి, కాసేపు ఆలస్యమైనా ఎవరూ అడగరు. పది పన్నెండు కాల్స్ చేసి జవాబులు వరసలో తీసుకోవాలంటే టాస్క్ వెన్‌ఆలే తేలిక, నేనూ అక్కడ అదే వాడతాను. రోజంతా ఆగకుండా వచ్చే ఆర్డర్లయితే క్యూ ఒకటి పెట్టుకుని మధ్యలో ఆగినా పోకుండా చూసుకోవాలి, దీనితో నెగ్గుకురావడం కష్టం. ఇంకా డాట్‌నెట్ ఫ్రేమ్‌వర్క్ 4.8 మీదే ఉన్న పాత కస్టమర్ల దగ్గర ఇది లేదు. వాళ్ళ కోసం ఆ సెమాఫోర్ కోడ్ ఇప్పటికీ అలాగే ఉంచాను.