తలుపు తీసేసిన ఆర్44 నుంచి లాస్ ఏంజెలెస్ ఫొటోలు

బిల్డర్ల కోసం లాస్ ఏంజెలెస్‌ని పైనుంచి ఫొటోలు తీయడం నా పని. ఏళ్లుగా అద్దెకు తీసుకుంటున్నది రాబిన్సన్ ఆర్44. నాలుగు సీట్ల పిస్టన్ హెలికాప్టర్, తయారయ్యేది కూడా ఇక్కడి టోరెన్స్‌లోనే.

డ్రోన్ ఉండగా ఇదెందుకని అందరూ అడుగుతారు. ఒక్క భవనమే అయితే నేనూ డ్రోనే వాడతాను. కానీ దానికి నేల నుంచి 400 అడుగులే హద్దు, భవనాన్ని ఆనుకుని ఎగిరితే దాని పైన ఇంకో 400. డౌన్‌టౌన్ వెనకాల శాన్ గాబ్రియల్ కొండలు పెద్దగా కనిపించాలంటే దూరం జరిగి, బాగా పైకి వెళ్లి 200 ఎం.ఎం. లెన్స్‌తో తీయాలి. హెలికాప్టర్‌లో అయితే లాంగ్ బీచ్ రేవు, డౌన్‌టౌన్, హాలీవుడ్ ఒక్క విడతలో అయిపోతాయి.

నేను వెనక సీట్లో కుడివైపు కూర్చుని ఆ తలుపు తీయించేస్తాను. అద్దం మీద మెరుపుల గొడవ ఉండదు. పైలట్ సీటూ కుడివైపే కాబట్టి నేను చూసేదే ఆయనకీ కనిపిస్తుంది. తలుపు లేకపోతే వేగం 100 నాట్లు (గంటకు సుమారు 185 కి.మీ.) దాటకూడదు, అయినా ఫొటోకి అంత వేగం ఎందుకు? గాలిలో నిలబెట్టమని మాత్రం అడగను, నెమ్మదిగా చుట్టూ తిప్పమంటాను. హెలికాప్టర్ వణుకు బాగానే ఉంటుంది. అందుకే షట్టర్ వేగం సెకనులో 1/1000 వంతు కంటే తగ్గించను, మోచేయి చట్రానికి ఆనించను. లెన్స్ ముందు తగిలించే తొడుగు, అదే లెన్స్ హుడ్, నేల మీదే వదిలేస్తాను. అది గాలికి ఎగిరి తోక రోటర్‌కి తగిలితే ఇక అంతే.

బెల్టు సంగతి ఎవరూ తేలిగ్గా తీసుకోవద్దు. 2018 మార్చిలో న్యూయార్క్ ఈస్ట్ రివర్‌లో తలుపుల్లేని ఫొటో హెలికాప్టర్ పడి, అదనపు బెల్టులు విప్పుకోలేక అయిదుగురు ప్రయాణికులూ మునిగిపోయారు. చటుక్కున విప్పుకోలేని బెల్టులతో అలాంటి ట్రిప్పులు నడపకూడదని ఆ నెలలోనే అమెరికా విమానయాన నియంత్రణ సంస్థ ఎఫ్ఏఏ ఆపేసింది. ఎక్కేముందు కళ్లు మూసుకుని ఒకసారి విప్పి చూసుకుంటాను. దీనికి విసుక్కున్న ఆపరేటర్ దగ్గరికి మళ్లీ వెళ్లలేదు.

ఇబ్బందల్లా తేదీ కుదరడమే. డాడ్జర్ బేస్‌బాల్ స్టేడియంలో ఆట ఉంటే చుట్టూ 3 నాటికల్ మైళ్లు (దాదాపు 5.5 కి.మీ.), 3,000 అడుగుల ఎత్తు దాకా ఎగరకూడదు. ఆటకు గంట ముందు మొదలై, అయ్యాక గంట వరకూ ఉంటుంది. డౌన్‌టౌన్ ఆ వలయంలోనే ఉంది మరి. మే, జూన్‌లలో పొద్దున్నే సముద్రం మబ్బు కమ్మేస్తుంది. చలికాలం వాన వెలిసిన మర్నాడు దొరికిందా, వదలకండి.

అన్నట్టు, పైనుంచి చూస్తే ఇక్కడి టవర్లన్నీ పైన చదునుగా, గుండు కొట్టించుకున్నట్టుంటాయి. 1974 నుంచి 2014 దాకా ఎత్తైన భవనాలపై హెలిప్యాడ్ ఉండాలన్న అగ్నిమాపక నియమం చలవ అది.

గంటకు వందల డాలర్లవుతుంది. రాబిన్సన్ వాళ్లదే చిన్న హెలికాప్టర్ ఆర్22 చవక కదా అని చూస్తే, అందులో రెండు సీట్లే. మీరు ఎడమవైపు కూర్చోవాలి, మీరు తీస్తున్నది పైలట్‌కి సరిగా కనిపించదు. నా ఓటు ఆర్44కే.