ఎలుకలకు బోనా, మందా?

ముందు కన్నాలు మూయండి, చిట్టెలుకకు 6 మిల్లీమీటర్ల సందు చాలు. లోపల ఇప్పటికే తిరుగుతున్నవాటి సంగతే అసలు టెన్షన్.

ఖర్చు: బోను ఒకసారి కొంటే ఏళ్లు వస్తుంది. మందు అయిపోయినప్పుడల్లా కొనాలి.

శ్రమ: మందు పెట్టేసి ఊరుకోవచ్చు. బోనుకి ఓపిక కావాలి, ఎలుకకి కొత్త వస్తువంటే అనుమానం కాబట్టి రెండు మూడు రోజులు తలుపు పడకుండా కట్టేసి ఊరికే ఎర తినిపించాలి, అదీ గది మధ్యలో కాదు, గోడ వారగా నల్లటి జిడ్డు మరకలున్న దారిలో. పొద్దున్నే లోపల్నుంచి మిటకరించి చూసేదాన్ని ఏం చేయాలన్నది ఇంకో తలనొప్పి!

రిస్క్: ఇక్కడే మందు తేలిపోతుంది. చాలా మందులు రక్తం గడ్డకట్టకుండా చేసి చంపుతాయి, దానికి కొన్ని రోజులు పడుతుంది, ఈలోగా అది బీరువా వెనక చేరి చచ్చిందంటే ఆ కంపు వారాల తరబడి వదలదు. ఆ ఎలుకను తిన్న పిల్లికీ ప్రమాదమే.

ఒకటో రెండో ఉన్నా, ఇంట్లో పసిపిల్లలో కుక్కో పిల్లో ఉన్నా బోనే. గోడౌన్‌లా గుంపులుగా తిరిగే చోటైతే తాళం పడే డబ్బాలో మందు.